ఒరిగిన పాచిక

హల్డా చచ్చిపోయిందన్న మాట అందరికంటే ఆలస్యంగా ఒప్పుకున్నవాడు లోవెల్.

"ఇంకో వంతు మిగిలుందనుకున్నానే," అన్నాడు, పాచిక ఇంకా గుప్పిట్లోనే పట్టుకుని.

బల్లకి ఆ చివర, అట్టముక్కల తడిక వెనక కూర్చున్న ఆర్డిస్ లేదన్నట్టు తల ఊపింది. బడి వంటశాలలో గరిటె తిప్పీ తిప్పీ మొన్నే పని మానుకున్న మనిషి ఆవిడ. రెండోసారి అడిగిన పిల్లవాడు నిజంగా ఆకలితో అడిగాడో, ఊరికే అడిగాడో ముఖం చూసి చెప్పేసేదట. ఇప్పుడు ఆ కళ్ళతోనే ఈ ఆట నడుపుతుంది. తడిక వెనక ఆవిడ పటాలు, ఆవిడ రాక్షసులు, ఆవిడ వానలూ వరదలూ ఉంటాయి. ఇవతల ముగ్గురు ఆటగాళ్ళు, ముగ్గురికీ తలో వేషం. ఏం చేస్తామో వీళ్ళు చెప్పాలి, అది కుదిరిందో లేదో పాచిక చెప్పాలి, ఆ తర్వాత లోకం ఏమైందో ఆర్డిస్ చెప్పాలి. షెబోయ్‌గన్ ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టు మీద ఉన్న ఆ మేడగదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం జరిగేది అదే.

చచ్చిపోయిన హల్డా లినియా వేషం. హల్డా ఆరడుగుల పైన ఉంటుంది, తలుపంత డాలు మోస్తుంది, దేనికీ జంకదు. లినియా దానికి పూర్తిగా తిరగేసిన మనిషి. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. తల్లి మంచాన పడితే పదకొండో తరగతి మధ్యలో బడి మానేసింది, మళ్ళీ వెళ్ళనే లేదు. భర్త లారీ తోలుకుంటూ వారాల తరబడి తిరుగుతుంటాడు. ఏడు నెలల కూతురు టిల్లీకి ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలితే చాలు, లినియాకి కాళ్ళూ చేతులూ ఆడవు. జ్వరం చూసే పుల్లలు ఇంట్లో రెండు ఉన్నాయి, ఒకటి అబద్ధం చెబితే రెండోదైనా నిజం చెబుతుందని. ఇప్పుడు కూడా టిల్లీ ఆమె కుర్చీ పక్కన బుట్టలో నిద్రపోతోంది. ఆటలో పాము తోక విసిరినప్పుడల్లా లినియా ఒక చేత్తో పాచిక వేసి, రెండో చేతి వేలు పాప ముక్కు దగ్గర పెట్టి చూసుకుంటూనే ఉంది.

అంత భయస్తురాలు, హల్డా అయ్యేసరికి మారిపోయేది. మిగతా వారమంతా ఆమెతో మాట్లాడే పెద్ద మనిషి అత్తగారు జోయన్ ఒక్కతే. ఆవిడ కూడా రొట్టెల కొట్టులో పని ముగించుకుని వచ్చేసరికి మాట్లాడే ఓపిక లేకుండా ఉండేది. శనివారం మధ్యాహ్నం జోయన్ పనికి వెళ్తూ కోడల్నీ మనవరాల్నీ ఇక్కడ దించి, చీకటి పడ్డాక వచ్చి తీసుకెళ్ళేది. ఆ నాలుగు గంటల కోసమే లినియా మిగతా ఆరు రోజులూ లాక్కొచ్చేది.

ఇప్పుడు పోయేది ఆ నాలుగు గంటలే. ఆర్డిస్ బల్లకి ఒక కట్టుబాటు ఉంది. వేషం చచ్చిపోయి, ఆ పూట ఆట ముగిసేలోపు మళ్ళీ బతకకపోతే, ఆటగాడు కుర్చీ ఖాళీ చేయాలి. వరసలో ఉన్నవాళ్ళు వచ్చి కూర్చుంటారు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ వరస చివర నిలబడాలి, ఆ వరస ఏడాది దాటినా కదిలేది కాదు. నిరుడు సొంత తమ్ముడి వేషం చచ్చిపోతే వాడి కోటు వాడి చేతికిచ్చి పంపించేసింది ఆర్డిస్. అప్పటినుంచి కట్టుబాటు గురించి ఎవరూ బతిమాలలేదు.

వరసలో మొదటివాడు ఎమ్మెట్. మంచు మీద నడిచే బళ్ళు బాగుచేస్తాడు. చూడటానికి రావచ్చని ఆర్డిస్ చెప్పినప్పటినుంచి ప్రతి శనివారం వచ్చి గోడకి ఆనుకుని, టోపీ చేతిలో పట్టుకుని నిలబడేవాడు. పొడుగ్గా, మెతకగా ఉంటాడు. హల్డా పడిపోగానే అతని చేయి జేబులోకి వెళ్ళింది, పాచికలు గలగలమన్నాయి. అందరూ అటు చూశారు. పాపం, చెవులదాకా ఎర్రబడి చేయి బయటికి తీసేశాడు.

హల్డా ఎలా చచ్చిందన్నది తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వాగు కట్ట తెంపి ఊళ్ళు ముంచుతున్న మహాసర్పాన్ని చంపడానికి వెళ్ళారు ముగ్గురూ. లోవెల్ వేషం ఓస్రిక్ అనే ముసలి పూజారి. టౌ వాంగ్ వేషం పిప్ అనే దొంగ. టౌ బయట జున్ను కర్మాగారంలో పనిచేసే నెమ్మదస్తుడు, బల్ల దగ్గర మాత్రం చేతికి దొరికింది జేబులో వేసుకోకుండా వదలడు. పాము వాళ్ళిద్దరి మీదికీ దూకితే హల్డా డాలు అడ్డం పెట్టింది. డాలు నిలిచింది, మనిషి పడిపోయింది. ఒక్కసారిగా చావలేదు, వంతు తర్వాత వంతు రక్తం కారుతూ నీళ్ళలో పడుంది.

ఓస్రిక్ సంచిలో ప్రాణరసం సీసాలు ఉన్నాయి. ఒక్క చుక్క నోట్లో పోస్తే చాలు. రెండేళ్ళ నుంచి ఆటలో ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకొచ్చి దాచినవి. లోవెల్‌కి ప్రాణరసం వాడటానికి మనసొప్పదు. రేపు ఇంతకంటే పెద్ద ఆపద వస్తుందేమో అంటాడు. అందుకని మొదటి వంతులో ప్రార్థన చేశాడు, పాచిక తప్పింది. రెండో వంతులో ఇంకో ప్రార్థన. టౌ దగ్గరా ఒక సీసా ఉంది. ముసలాయన దగ్గర అన్ని ఉన్నాయి కదా, ఆయనే పోస్తాడులే అనుకున్నాడు టౌ. కుర్రాడు పక్కనే ఉన్నాడు కదా, వాడు పోస్తాడులే అనుకున్నాడు లోవెల్. అలా మందు సంచుల మధ్య, మూరెడు దూరంలో, మందు లేక చచ్చిపోయింది హల్డా. ఇలాంటి చావు ఈ ఆట ఆడేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు.

కట్టుబాటు ప్రకారం లినియా హల్డా కాగితాన్ని బోర్లా తిప్పింది. చేతులు బల్ల మీంచి తీసేసింది. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కిటికీ పక్కకి చేరింది. చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు, అదీ ఆ బల్ల పద్ధతి. కిటికీలోంచి గడ్డకట్టిన సరస్సు బూడిద రంగులో కనబడుతోంది. ఆటలో ఓడినందుకు ఏడిస్తే వీళ్ళేమనుకుంటారు అనుకుని, పాప దుప్పటి సరిచేసే నెపంతో తల దించుకుంది.

"తిరుగుపిలుపు ఉందిగా," అన్నాడు టౌ. "పిలుద్దాం."

తిరుగుపిలుపంటే చచ్చినవాళ్ళని వెనక్కి పిలవటం. ఆర్డిస్ దాని సంగతి మళ్ళీ ఒకసారి గుర్తుచేసింది. పాము మడుగులో మునిగింది కాబట్టి కాస్త వ్యవధి ఉంది. ఇరవై ముఖాల పాచిక ఒక్కసారి వేస్తారు. కనీసం పందొమ్మిదైనా పడాలి. మృత్యువు వాకిట్లో కానుకలు పెడితే ఆ అంకె తగ్గుతుంది, ఎంత తగ్గేదీ కానుక బట్టి ఆర్డిస్ తేలుస్తుంది. కానుకగా ఇచ్చింది పాచిక ఎలా పడినా తిరిగి రాదు.

లోవెల్ గడ్డం గోక్కుని సంచి వెతికాడు. ఓస్రిక్ గుడి దీపంలోని నూనె సగం ఇస్తాడన్నాడు. టౌ చాలాసేపు ఆలోచించి, మొన్న సంతలో కొట్టేసిన వెండి నాణేలు ఇస్తానన్నాడు.

"సగం నూనె," అంది ఆర్డిస్.

"మళ్ళీ చీకటి గుహలు వస్తే దీపం కావాలిగా," అన్నాడు లోవెల్.

ఆర్డిస్ తడిక వెనక ఏదో గీసుకుని, పదహారు పడాలి అని చెప్పింది. లినియా చెవులతో విన్నది, మెదడుకి ఎక్కలేదు. వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. ఇంట్లో తనూ అంతే, మంచి సబ్బు బీరువాలోనే ఉండిపోతుంది.

లోవెల్ రెండు చేతుల మధ్య పాచిక ఆడించి, ఊది, వదిలాడు. అది బల్లంతా దొర్లింది. జున్ను వేపుడు పళ్ళెం దాకా పోయి దాని అంచుకి తగిలి ఆగింది.

పదిహేడు.

టౌ లేచి నిలబడ్డాడు. పాప నిద్ర లేస్తుందని నోరు రెండు చేతులతో మూసుకుని అక్కడే గెంతాడు. లోవెల్ కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఆర్డిస్‌కి తడిక అడ్డం, లేచి చూడబోతోంది.

లినియా కూర్చున్న వైపు నుంచి మాత్రం ఇంకోటి కనబడుతోంది. పాచిక బల్ల మీద పూర్తిగా లేదు. ఒక అంచు పళ్ళెం కిందికి దూరి, మిగతాది గాలిలో ఒరిగి ఉంది. ఒరిగిన పాచిక లెక్కకి రాదు, మళ్ళీ వేయాలి. ప్రపంచంలో ఏ బల్ల దగ్గరైనా అదే పద్ధతి. అవతలి ఇద్దరికీ వేపుడు గుట్ట అడ్డమై అది కనబడలేదు. ఎవరైనా పళ్ళెం కాస్త జరిపితే చాలు, పాచిక కుదురుకుంటుంది, ఎవరికీ తెలియదు. టౌ చేయి అప్పుడే వేపుడు కోసం వస్తోంది కూడా.

తను నోరు తెరవక్కర్లేదు. చచ్చినవాళ్ళు మాట్లాడకూడదని కట్టుబాటే చెబుతోంది. శనివారం ఉంటుంది. మెట్లెక్కి వస్తే "రావే" అనే ముసలాయన ఉంటాడు. టిల్లీకి దగ్గొస్తే తను కంగారుపడుతుంటే మా నలుగురు పిల్లలకీ ఇలాగే వచ్చేది అని చెప్పే ఆర్డిస్ ఉంటుంది. ఇదంతా లినియాకి ఒక్క క్షణంలో కళ్ళముందు తిరిగింది. దాని వెనకే హల్డా కూడా తిరిగింది. ఒరిగిన పాచిక మీద లేచివచ్చిన హల్డా మోసే డాలు ఇక ఏం డాలు? వచ్చే శనివారం దాన్ని ఎత్తి నిలబడితే తనకే తెలుస్తుంది అది అట్టముక్కని.

"పళ్ళెం ముట్టుకోకు టౌ," అంది లినియా. "అది ఒరిగి ఉంది."



"చచ్చినవాళ్ళు మాట్లాడకూడదే పిల్లా," అన్నాడు లోవెల్, బతిమాలుతున్నట్టు.

"తెలుసు. అయినా ఒరిగే ఉంది. మీరే వచ్చి చూడండి."

ఆర్డిస్ లేచి వచ్చింది. కళ్ళజోడు సరిచేసుకుని వంగి చూసింది, బల్ల చుట్టూ తిరిగి లినియా వైపు నుంచి కూడా చూసింది. చివరికి పాచిక తీసి బల్ల మధ్యలో పెట్టింది. చెల్లదంది. మళ్ళీ వేయాలంది. ఆ తర్వాత లినియా ముఖంలోకి చూసి, చచ్చినవాళ్ళు నోరు విప్పకూడదన్న పద్ధతి ఎవరూ మోసం చేయకుండా పెట్టిందే కాని, మోసం జరగకుండా ఆపినవాళ్ళ నోరు నొక్కడానికి కాదు అంది.

గోడ దగ్గర్నుంచి ఎమ్మెట్ గొంతు సవరించుకున్నాడు. "నేనూ చూశాను," అన్నాడు టోపీ నలుపుతూ. "చెబితే కుర్చీ కోసం చెప్పాననుకుంటారని నోరు రాలేదు."

లోవెల్ అసలు వినిపించుకున్నట్టే లేదు. అతను తన కాగితం వైపు, సంచిలో ఉన్నవాటి పేర్లు రాసుకున్న మూల వైపు చూస్తున్నాడు. చూసి చూసి, దీర్ఘంగా ఊపిరి వదిలి, ఆర్డిస్‌తో అన్నాడు:

"పాచిక వేసేముందు ఇంకా కానుకలు పెట్టొచ్చా?"

పెట్టొచ్చంది ఆవిడ.

"అయితే సీసాలు."

"ఎన్ని?"

"ఉన్నవన్నీ. నూనె కూడా అంతా." ఇంకా ఆగలేదు లోవెల్. మా ఆవిడ కొన్న కొత్త దుప్పట్లు చుట్టాలొస్తే పరుద్దామని దాచాను, ఆవిడే పోయింది, దుప్పట్లు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి అన్నాడు. ఆ మాట ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియనట్టు పెన్సిలు తీసుకుని ఒక్కొక్క సీసా పేరూ కొట్టేశాడు. మంచుకొండ మీద దొరికింది. సన్యాసినుల మఠంలో ఇచ్చింది. దెయ్యం పడవలో టౌతో పోట్లాడి తీసుకుంది.

అది చూశాక టౌ కూర్చోలేకపోయాడు. తన సీసా ఇచ్చాడు. అయినా కుర్చీలో కదులుతూనే ఉన్నాడు. చివరికి పిప్ వేలికున్న ఉంగరం ఇస్తానన్నాడు. పెట్టుకుంటే మనిషి మాయమయ్యే ఉంగరం. రెండేళ్ళుగా దాన్ని ఒక్కసారి కూడా పెట్టుకోలేదు, ఆఖరి రాజు కోటలో వాడాలని.

"ఆఖరి కోటకి ఎలా వెళ్తావు మరి?" అని అడిగింది ఆర్డిస్.

"హల్డా వెనక నక్కి వెళ్తాను. ఇన్నాళ్ళూ అలాగేగా వెళ్ళింది."

లినియాకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆపుకోలేదు.

ఆర్డిస్ ఎంతోసేపు లెక్కచూసుకుంది. ఇక మీ దగ్గర ఏమీ లేదు, పాము మాత్రం ఉంది, అది పైకి తేలితే ఒక్క గాయం మానడానికి కూడా మందు ఉండదు, తెలిసే ఇస్తున్నారా అని ఇద్దర్నీ అడిగింది. తెలిసే అన్నారు. ఆరు పడాలి అని చెప్పింది ఆవిడ. ఆరు కాని, అంతకు మించి కాని.

లోవెల్ పాచికని వేలితో బల్ల మీదుగా లినియా ముందుకి తోశాడు. తన చేయి మంచిది కాదన్నాడు. లినియా బిత్తరపోయింది. ఏ చిన్న పనికైనా ఎవరినో ఒకరిని అడిగి చేసే మనిషి. పాలు ఎంత వేడి ఉండాలో కూడా రోజూ అత్తగారి చేత చెప్పించుకునేది. ఆరు పడుతుందని ఎవరు చెప్పగలరు? తన చేత్తోనే చంపుకుంటే?

వేలు అలవాటుగా పాప ముక్కు దగ్గరికి వెళ్ళింది. వెచ్చగా, నిదానంగా ఊపిరి. అది తను చూసినా చూడకపోయినా నడుస్తూనే ఉంటుందని ఆమెకి మొదటిసారి తోచింది. చేయి వెనక్కి తీసుకుని పాచిక అందుకుంది. ఊదలేదు, మొక్కలేదు. పళ్ళెం పక్కకి జరిపి, బల్ల ఖాళీ చేసి, వేసింది.

పాచిక నడిమధ్యన గిర్రున తిరిగింది. మెల్లిగా తూలింది. నలుగురూ చూస్తుండగా కుదురుగా, చదునుగా, ఏ అంచుకీ తగలకుండా కూర్చుంది.

పదకొండు.

ఇందాకటి కానుకలతో అయితే పదకొండు చావే. లోవెల్ అరిచిన అరుపుకి కింద కొట్టులో ఎవరో మేకుల డబ్బా జారవిడిచారు. టిల్లీ ఉలిక్కిపడి లేచింది, ఏడుపు లంకించుకుంది. ఎమ్మెట్ కూడా టోపీ పైకి ఎగరేశాడు, అది కింద పడ్డాక గాని తన కుర్చీ పోయిందని గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా నవ్వుతూనే ఉన్నాడు.

ఆర్డిస్ చేయెత్తింది. గది సద్దుమణిగింది. అప్పుడు ఆవిడ గొంతు మారింది. మడుగు అడుగున చీకట్లో హల్డా కళ్ళు మూసుకుని పడుంది అంది. అన్ని సీసాల్లోని రసమూ నీళ్ళలో కలిసి మడుగంతా తేనె రంగుకి తిరిగింది. అడుగున బురదలో ఒక చేయి కదిలింది. ఆ చేతికి డాలు తగిలింది. మొదట డాలు లేచింది, తర్వాత భుజం, తర్వాత తల. నీళ్ళు రెండుగా చీలి ఆమెకి దారిచ్చాయి. లినియా పాపని భుజాన వేసుకుని అటూ ఇటూ ఊగుతూ నిలబడే వింటోంది. బోర్లా ఉన్న కాగితాన్ని రెండో చేత్తో వెల్లకిలా తిప్పింది.

"పాము లేచింది," అంది ఆర్డిస్. "నోరు తెరిచి మీ ముగ్గురి మీదికీ వస్తోంది. ముందు వంతు హల్డాది."

అలవాటుగా లోవెల్ సలహా చెప్పబోయాడు. అవసరం లేకపోయింది.

"అడ్డుకోను," అంది లినియా, పాప వీపు నిమురుతూనే. "నోట్లోకి వెళ్తాను. డాలు నిలువుగా పెడతాను. కింది దవడకి ఒక అంచు, పై దవడకి ఒక అంచు. మూస్తే అదే పొడుచుకోవాలి."

టౌ ఈల వేశాడు. ఆర్డిస్ ముఖంలో అలాంటిది తన పటాల్లో ఎక్కడా లేదన్న సంతోషం కనబడింది. పాచిక వేయమంది. కావలసిన అంకే పడింది. పాము దవడలు డాలు మీద కరుచుకుపోయాయి, ఇక మూతపడవు, తెరుచుకోవు. దాచుకోవడానికి సంచుల్లో ఏమీ మిగలలేదు కాబట్టి మిగతా ఇద్దరూ వెనకాడలేదు. పిప్ మాయ ఉంగరం లేకుండానే అందరికీ కనబడుతూ పాము మెడ మీదికి ఎగబాకాడు. ఓస్రిక్ రేపటి కోసం దాచిన పిడుగు మంత్రం ఆ పూటే చదివేశాడు. ఆఖరి దెబ్బ హల్డాది. పాము నోటి లోపల నిలబడి, పైకి చూసి, కత్తి అంగిట్లోంచి నడినెత్తి దాకా దించింది. వాగు తన దారిన తాను పారింది. ముంపు ఊళ్ళలో జనం ఇళ్ళ కప్పుల మీంచి దిగి, బురదలో కాళ్ళు పెట్టి, గంటలు కొట్టారు. ఆర్డిస్ ఆ గంటల మోతని నోటితోనే వినిపించింది. ముసలావిడ ఆ రోజు అంత బాగా చెప్పింది.

జోయన్ కారు వచ్చేసరికి మంచు మొదలైంది. లినియా బుట్ట వెనక సీట్లో బిగించి, ముందు కూర్చుని తలుపు వేసుకుంది. ఎలా గడిచింది అని అత్తగారు ఊరికే అడిగింది. ఎప్పుడూ వచ్చే జవాబు "బాగానే" అన్నదే. ఆ రోజు లినియా సీసాల దగ్గర మొదలుపెట్టింది. వాళ్ళు నూనె సగమే ఇవ్వడం, పళ్ళెం, పాచిక, ఎమ్మెట్ టోపీ, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయింది. చేతులు ఊపింది. పాము గొంతు పెట్టింది. జోయన్ రోజంతా నిలబడి పనిచేసిన మనిషి, మొదట ఊ కొడుతూ విన్నది, తర్వాత ఊ కొట్టడం కూడా మర్చిపోయింది. ఇంటి మలుపు వచ్చింది, దాటిపోయింది. ఇద్దరూ చూసుకోలేదు. సరస్సు ఒడ్డున దీపస్తంభం దాకా వెళ్ళాక జోయన్ కారు నెమ్మది చేసింది.

"ఉండు ఉండు," అంది. "ఆ పాము నోట్లో నువ్వు నిలబడే ఉన్నావా, వంగి ఉన్నావా?"

"నిలబడే ఉన్నాను," అంది లినియా.